బండి సంగతులు: పదిహేనేళ్లు నిండిన లోగన్ కొనొచ్చా?

రెండు మూడు నెలలుగా ఈ పేజీకి వస్తున్న ఉత్తరాల్లో, వాట్సాప్ మెసేజీల్లో ఒకే బండి పేరు మళ్లీ మళ్లీ కనబడతా ఉంది. లోగన్. కొందరు మహీంద్రా లోగన్ అంటారు, కొందరు వెరిటో అంటారు, ఒకాయనైతే "ఆ డబ్బా మాదిరి కారు" అని రాసినాడు. ఇప్పుడే ఎందుకంటే, 2007 నుంచి 2010 దాకా రోడ్డెక్కిన బండ్లు ఇవి. పదిహేనేళ్ల ఆర్సీ ఒక్కోదానికీ ముగిసిపోతా ఉంది. ఉన్నవాళ్లు వదిలించుకోవాలని చూస్తున్నారు, ధర దిగింది. ధర దిగేసరికి మన పేటల్లో కొనాలనే ఆశ పుట్టింది.

వాటిలో ఒక చెల్లెలి ఉత్తరం మాత్రం పక్కన పెట్టలేకపోయినాను. మామగారు బిన్నీ మిల్లులో పని చేసి పోయినారు. ఆయన సెటిల్‌మెంటు డబ్బులో మిగిలింది అత్తగారి పేరున బ్యాంకులో ఉంది. భర్త కంపెనీ క్యాబ్ నడిపేవాడు, ఇప్పుడు పని లేదు. 2010 నాటి డీజిల్ లోగన్, తెల్ల బోర్డుది, లక్షా ముప్పైకి వస్తుందట. దాన్ని తీసుకుని స్కూలు పిల్లల్ని, తెలిసినవాళ్లని తిప్పుకుంటే ఇల్లు గడుస్తుందని ఆయన లెక్క. "అత్తమ్మ డబ్బు తీయమంటారా అన్నా?" అని అడిగింది. ఈ బండి ఎక్కడ పుట్టింది, దేంతో నడుస్తుంది, ఎంత తింటుంది అనేది చూసినాకే ఆ అమ్మాయికి జవాబు చెబుతాను.

లోగన్ మహీంద్రా పేరుతో తిరిగినా పుట్టుక ఫ్రాన్సుది. చేసింది రెనాల్ట్ కంపెనీ (ఫ్రెంచివాళ్లు "రెనో" అంటారు, మనకు రెనాల్టే అలవాటు). ఆ కంపెనీ పెద్ద లూయీ ష్వైట్జర్ 1997లో రష్యా పోయినాడు. అక్కడి జనం పాతకాలపు లాడా కార్లనే ఎగబడి కొంటున్నారు, తమ కార్ల వైపు చూడటం లేదు. ధరలో అంత తేడా ఉంది. అప్పుడాయన తన ఇంజనీర్లకి చెప్పింది ఇది: 5 వేల యూరోలకు కొత్త కారు కావాలి, గట్టిగా ఉండాలి, అందం తర్వాత చూసుకుందాం. 1999లో రుమేనియాలోని డాసియా అనే పాత సర్కారు కంపెనీని రెనాల్ట్ కొనేసింది. 2004లో ఆ ఫ్యాక్టరీ నుంచి లోగన్ బయటికొచ్చింది.

ఖర్చు ఎట్ల తగ్గించినారో చూస్తే నాకు ఇప్పటికీ ముచ్చటేస్తుంది. ఎడమ పక్క అద్దం, కుడి పక్క అద్దం ఒకటే అచ్చు. ముందు గాజుకు వంపు తక్కువ, అట్లయితే తయారీ చవక. డాష్‌బోర్డు ఒకే ముక్కగా పోతపోసినారు. ఇంజన్లు, గేర్‌బాక్సు కొత్తగా కనిపెట్టలేదు, తమ వేరే కార్లలో ఏళ్ల తరబడి నడిచినవే తెచ్చి పెట్టినారు. మనింట్లో అమ్మ పాత చీరతో బొంత కుట్టినట్టే. బొంతకి షోకు ఉండదు కానీ చలికి అదే పనికొస్తుంది.

ఇంకొక మాట కూడా మన పత్రికలో రాయాల్సిందే. 2008 మార్చి, ఏప్రిల్ నెలల్లో రుమేనియాలోని ఆ డాసియా ఫ్యాక్టరీ కార్మికులు దాదాపు మూడు వారాలు సమ్మె చేసినారు. చవక కారు అని లోకమంతా మెచ్చుకుంటా ఉంటే, ఆ చవక మా జీతంలో నుంచే వస్తా ఉంది కదా అని అడిగినారు. జీతం పెంచించుకునే లోపలికి పోయినారు. కారు మాత్రం ఆగలేదు, అమ్ముడు పోతానే ఉంది.

మన దేశానికి ఎట్లొచ్చిందంటే, 2005లో మహీంద్రా 51 వంతులు, రెనాల్ట్ 49 వంతులు పెట్టి కూటమి కట్టినారు. నాసిక్‌లో తయారుచేసి 2007లో అమ్మకానికి దింపినారు. పెట్రోల్ బండి నాలుగు లక్షల పైచిలుకుతో మొదలైంది. లోపల జాగా చూస్తే దానికి పోటీ లేదు. ముందు చక్రానికీ వెనక చక్రానికీ మధ్య 2,630 మిల్లీమీటర్లు, డిక్కీ 510 లీటర్లు. వెనక ముగ్గురు నిజంగానే కూర్చోవచ్చు. పెళ్లికి పోతే రెండు ట్రంకు పెట్టెలు, గ్యాస్ స్టవ్వు, చాపలు, అన్నీ డిక్కీలో పడతాయి. భూమికి ఎత్తు 172 మిల్లీమీటర్లు. మన గల్లీ హంపుల మీద అడుగు తగలకుండా దాటేస్తుంది.

దెబ్బ తగిలింది పన్ను దగ్గర. 2006 బడ్జెట్‌లో కేంద్రం చిన్న కారు అంటే ఏంటో గీత గీసింది. పొడుగు 4 మీటర్ల లోపు ఉండాలి, ఇంజను పెట్రోలైతే 1,200 సీసీ, డీజిలైతే 1,500 సీసీ దాటకూడదు. అట్లుంటే ఎక్సైజు 24 శాతం కాకుండా 16 శాతం. లోగన్ పొడుగు 4,247 మిల్లీమీటర్లు. జానెడు ఎక్కువైనందుకు పెద్ద కారు పన్ను కట్టాల్సి వచ్చింది. ధర పెరిగింది, రూపమా డబ్బా, సొంతానికి కొనేవాళ్లు వెనక్కి తగ్గినారు. 2010లో రెనాల్ట్ తన వాటా మహీంద్రాకు ఇచ్చేసి బయటికి పోయింది. 2011లో అదే బండికి వెరిటో అని పేరు మార్చినారు. 2013లో తోక కత్తిరించి 4 మీటర్ల లోపుకి తెచ్చి వెరిటో వైబ్ అన్నారు, కానీ జనానికి ఎక్కలేదు. 2016లో కరెంటుతో నడిచే ఈ-వెరిటో వచ్చింది. మన ఊళ్లోనే ఐటీ కంపెనీల డ్యూటీలకు అవి తిరిగినాయి.

సొంతదారులు వద్దన్న బండిని టాక్సీవాళ్లు ఎత్తుకున్నారు. మన బెంగళూరులో దాని కాలం అదే. 2008 మేలో విమానాశ్రయం దేవనహళ్లికి మారింది. హెచ్ఏఎల్ దగ్గరున్నది ఒక్కసారిగా ఊరికి ముప్పై ఐదు, నలభై కిలోమీటర్ల దూరం పోయింది. పెద్ద పెట్టెలు పట్టే, డీజిల్ తక్కువ తాగే బండి కావాలి. లోగన్ సరిగ్గా అదే. ఎలక్ట్రానిక్ సిటీ, వైట్‌ఫీల్డ్ రాత్రి డ్యూటీలకు కూడా అదే. మిల్లులు మూతపడినాక స్టీరింగు పట్టిన మన పిల్లలు ఎంతమంది ఆ బండి మీద బతికినారో మీకే తెలుసు. రాజా మిల్లు ఉన్నచోట లేచిన మంత్రి మాల్ ముందర, ఒకప్పుడు సైరను కూసిన చోటే, ఆ మిల్లు కార్మికుల కొడుకులు లోగన్లు ఆపుకుని సవారీ కోసం చూసినారు.

ఫ్రెంచి కారు అనగానే మన పెద్దోళ్లు భయపడేదానికి కారణం వేరే ఉంది. 1990ల్లో ప్రీమియర్ కంపెనీతో కలిసి ప్యూజో అనే ఇంకో ఫ్రెంచి కంపెనీ ముంబయి పక్కన కల్యాణ్‌లో 309 అనే కారు చేసింది. బండి మంచిదే. కానీ ఫ్యాక్టరీలో గొడవలు, కూటమిలో తగాదా, కొన్నేళ్లకే ప్యూజో చేతులెత్తేసింది. గేటుకు తాళం పడితే ఏమవుతుందో మనకెవరూ చెప్పక్కర్లేదు. కొన్నవాళ్లు సామాన్లు దొరక్క అల్లాడినారు. అదే ప్యూజో వాళ్ల 1,527 సీసీ డీజిల్ ఇంజను మాత్రం మారుతీ జెన్ డీజిల్, ఎస్టీమ్ డీజిల్‌లో చాన్నాళ్లు బతికింది. లోగన్ కథ అట్ల కాలేదు. రెనాల్ట్ పోయినా మహీంద్రా బండిని ఇంకా ఏళ్ల పాటు చేసింది. దాని డీజిల్ ఇంజను రెనాల్ట్ డస్టర్‌లో, నిస్సాన్ సన్నీలో, మైక్రాలో కూడా ఉంది. అందుకే ఇప్పటికీ జేసీ రోడ్డుకు పోతే ఫిల్టర్లు, బెల్టులు, క్లచ్చు ప్లేట్లు దొరుకుతాయి. తలుపు హ్యాండిలు, అద్దం, బంపరు మాదిరి సామాన్లకు శివాజీనగర్ గుజిరీయే గతి. అక్కడ బేరం చేయడం తెలిసినవాణ్ణి తోడు తీసుకుపోండి.

ఇంజన్లు మూడు.

1.4 పెట్రోల్: 1,390 సీసీ, 75 గుర్రాల బలం. సాదా ఇంజను, మాయలేమీ లేవు. మాగడి రోడ్డు షెడ్డుల్లో ఏ మెకానిక్ అయినా విప్పి బిగిస్తాడు. ఏసీ వేసి నలుగురు కూర్చుంటే ఫ్లైఓవరు ఎక్కేటప్పుడు ఆయాసపడుతుంది, అంతే.

1.6 పెట్రోల్: 1,598 సీసీ. బలం ఉంది, నడపడానికి హాయిగా ఉంటుంది, కానీ పెట్రోలు ఎక్కువ తాగుతుంది. దీని అసలు దెబ్బ ఇన్సూరెన్సులో ఉంది. ఆ లెక్క కింద చెబుతాను.

1.5 డీజిల్: 1,461 సీసీ, 65 గుర్రాలు. దీన్నే డీసీఐ అంటారు. లోకమంతా తిరిగిన ఇంజను, విదేశాల్లో మెర్సిడెస్ వాళ్లు కూడా చిన్న కార్లలో ఇదే పెట్టుకున్నారు. పేరుకు 65 గుర్రాలే అయినా 2,000 ఆర్‌పీఎమ్ దగ్గరే 160 ఎన్ఎమ్ లాగుడు ఇస్తుంది. ట్రాఫిక్‌లో మాటిమాటికీ గేరు మార్చక్కర్లేదు. గుణం ఎంత గొప్పదో అలక కూడా అంతే. కామన్ రైల్ ఇంజను కాబట్టి పంపు, ఇంజెక్టర్లు చాలా సున్నితం. కల్తీ డీజిల్ పోసినా, ఫిల్టరు మార్చకుండా వదిలేసినా ఇంజెక్టరు పోతుంది. ఆయిల్ మార్పు ఎగ్గొట్టిన బండ్లలో కింద క్రాంకు దగ్గర బేరింగులు అరుగుతాయి. అప్పుడు వచ్చే టకటక చప్పుడు విన్నారంటే ఆ బండి దగ్గర నిలబడకండి.

మూడు ఇంజన్లకూ టైమింగ్ బెల్టే, చైను కాదు. నడుస్తా ఉండగా అది తెగితే వాల్వులు వంగిపోతాయి, హెడ్డు విప్పాల్సిందే. "బెల్టు బాగానే ఉంది సార్" అని అమ్మేవాడు చెప్పింది నమ్మకండి. మార్చిన బిల్లు చూపించకపోతే మార్చలేదని లెక్క. కొన్న వారంలోనే బెల్టు, టెన్షనరు, వాటర్ పంపు మూడూ మార్పించేయాలి. ఆ ఖర్చు బండి ధరలో కలుపుకునే బేరం చేయండి.

ఇక తిండి ఖర్చు. బెంగళూరులో ఇప్పుడు డీజిల్ లీటరు 90 రూపాయల చుట్టూ, పెట్రోలు 103 చుట్టూ ఉంది. మన ట్రాఫిక్‌లో ఏసీతో, ఈ వయసు బండికి, డీజిల్ లోగన్ 15 ఇస్తే సంతోషం. కోలారు వైపో, చిత్తూరు వైపో హైవే ఎక్కితే 19, 20 చూపిస్తుంది. 1.4 పెట్రోల్ ఊళ్లో 11 ఇస్తుందనుకుందాం. అంటే కిలోమీటరుకు డీజిల్ 6 రూపాయలు, పెట్రోలు దాదాపు 9 రూపాయల 40 పైసలు. తేడా 3 రూపాయల 40 పైసలు.

ఈ తేడాని చూసే జనం డీజిల్ వైపు పరిగెడతారు. ఆగి లెక్కేయండి. ఇంటి వాడకానికి నెలకు 300 కిలోమీటర్లు తిరిగితే మిగిలేది సుమారు వెయ్యి రూపాయలు, ఏడాదికి పన్నెండు వేలు. ఒక్క ఇంజెక్టరు కొత్తది వేయించినారంటే పది వేలు దాటుతుంది, బండికి ఇంజెక్టర్లు నాలుగు. రెండేళ్ల మిగులు ఒక్క పొద్దులో షెడ్డులో పోతుంది. అదే నెలకు 1,200 కిలోమీటర్లు తిరిగేవాళ్లకు నెలకు నాలుగు వేలు మిగులుతుంది, వాళ్లకు డీజిల్ గిట్టుతుంది. లోగన్ కొత్తగా వచ్చినప్పుడు డీజిల్ మీద సర్కారు సాయం ఉండేది, పెట్రోలుకూ దానికీ ధరలో చాలా దూరం. 2014 అక్టోబరులో డీజిల్ ధర మీద అదుపు ఎత్తేసినారు. డీజిల్ అంటే చవక అన్న మాట అప్పటితోనే పాతబడింది. మన బుర్రల్లో నుంచి మాత్రం పోలేదు.

పెట్రోల్ బండి కొనేవాళ్లకు ఒక హెచ్చరిక. ఇప్పుడు బంకుల్లో వచ్చేది 20 శాతం ఇథనాల్ కలిపిన పెట్రోలు. 2008 నాటి బండిని దానికోసం చేయలేదు. మైలేజీ కొంచెం దిగుతుంది. పెట్రోలు పైపులు, రబ్బరు సీళ్లు చీలినాయేమో ఒకసారి చూపించి, పాతవైతే మార్పించేయండి. పైపు చవక, కారితే నిప్పు.

ఇన్సూరెన్సుకి వద్దాం. పాత బండికి చాలామంది థర్డ్ పార్టీ మాత్రమే కడతారు. 2022 జూన్ నుంచి ఉన్న రేటు ప్రకారం సొంత కారు 1,000 నుంచి 1,500 సీసీ మధ్యలో ఉంటే 3,416 రూపాయలు, 1,500 దాటితే 7,897. పైన 18 శాతం జీఎస్టీ. 1.4 పెట్రోలు, 1.5 డీజిలు మొదటి వరసలో పడతాయి, జీఎస్టీతో నాలుగు వేల పైచిలుకు. 1.6 పెట్రోలు మాత్రం 98 సీసీ ఎక్కువైన పాపానికి తొమ్మిది వేలు దాటుతుంది. అమ్మేవాళ్లు 1.6ని ఎందుకంత చవగ్గా ఇస్తున్నారంటే ఇదొక కారణం.

ఆర్సీ సంగతి. "పదేళ్లు దాటిన డీజిల్ బండి నడపకూడదంట కదా" అని చాలామంది అడుగుతారు. ఆ మాట ఢిల్లీ చుట్టుపక్కలది. బెంగళూరులో అట్లాంటి నిషేధం లేదు. ఇక్కడ సొంత బండికి పదిహేనేళ్లు నిండితే ఐదేళ్లకు రెన్యూవల్ చేయించుకోవాలి. 2022 ఏప్రిల్ నుంచి కారుకు దాని ఫీజు 5,000 రూపాయలు. అంతకు ముందు 600 ఉండేది! గడువు దాటితే నెలకు 500 చొప్పున ఎక్కువ పడుతుంది. ఫారం 25 నింపాలి, బండిని ఆర్టీవో దగ్గర చూపించాలి, ఇన్సూరెన్సు, పొగ సర్టిఫికెట్ నడుస్తా ఉండాలి, గ్రీన్ ట్యాక్సు కట్టాలి. బ్రోకరు లేకుండా కూడా అవుతుంది, కాకపోతే ఒక పూట పని పోతుంది. ఆర్సీ ముగిసిన బండిని "మీరే చేయించుకోండి" అని తక్కువ ధరకు అంటగడతారు. ఎన్ని నెలలు దాటిందో ముందు లెక్కేసి, పాత చలాన్లు ఏమన్నా ఉన్నాయా చూసి, తర్వాతే అడ్వాన్సు ఇవ్వండి.

ఇప్పుడు ఆ చెల్లెలికి జవాబు. అమ్మా, ఆ డబ్బు ఈ పనికి తీయొద్దు. బండి చెడ్డదని కాదు. మీ ఆయన చేద్దామనుకుంటున్న పనికి ఆ బండి కుదరదు. తెల్ల బోర్డు కారులో కిరాయికి మనుషుల్ని తిప్పడానికి చట్టం ఒప్పుకోదు, పర్మిట్ ఉండాలి. పట్టుబడితే జరిమానా, అది ఎట్లో కట్టుకుంటాం. అసలు ప్రమాదం వేరే. సొంత వాడకానికి తీసుకున్న ఇన్సూరెన్సు కిరాయి సవారీకి వర్తించదు. దేవుడు చల్లగా చూడాలి గానీ, రోజూ స్కూలుకు తీసుకుపోయే పిల్లల్లో ఒకరికి దెబ్బ తగిలితే పరిహారం మీ నెత్తిన పడుతుంది. మీ అత్తమ్మ డబ్బే కాదు, ఉన్న ఇల్లు కూడా చాలదు. పదిహేనేళ్ల బండిని పసుపు బోర్డుకి మార్చుకుని ఏడాదికోసారి ఫిట్‌నెస్ చేయించి నడపడం లెక్కకు ఎక్కడా నిలవదు. ఆయనకు లైసెన్సు ఉంది, బ్యాడ్జీ ఉంది, అనుభవం ఉంది. వేరేవాళ్ల పసుపు బోర్డు బండి జీతానికో, రోజు బాడుగకో నడపమనండి. ఏడాది పోనివ్వండి, చేతిలో కొంచెం పడినాక పసుపు బోర్డు బండే, వయసు తక్కువది, లోనుకు చూద్దాం. అప్పుడు రాయండి, నేనే వచ్చి బండి చూసిపెడతాను.

సొంతానికి, అంటే పండక్కి ఊరికి, ఆస్పత్రికి, ఆదివారం చుట్టాలింటికి కావాలనుకునేవాళ్లకు నేను చెప్పేది 1.4 పెట్రోల్ లోగనే. జనం డీజిల్ వెంట పడతా ఉన్నారు కాబట్టి అది ఇంకా చవకలో దొరుకుతుంది.

చూడటానికి పోయేటప్పుడు పొద్దున్నే పోండి, ఇంజను చల్లగా ఉండాలి. "ఇప్పుడే స్టార్ట్ చేసి పెట్టినా సార్" అని అమ్మేవాడు అంటే ఇంకో రోజు వస్తామని చెప్పి వచ్చేయండి. చల్లని ఇంజను ఒకటి రెండు తిప్పుళ్లకే అందుకోవాలి. డీజిలైతే మొదట కొంచెం పొగ వస్తుంది, అది ఆగిపోవాలి. తెల్ల పొగ ఆగకుండా వస్తే ఇంజెక్టరు, నీలం పొగైతే ఆయిల్ కాలతా ఉంది. ఆయిల్ మూత తీసి లోపల చూడండి, మీగడ మాదిరి తెల్లగా ఉంటే నీళ్లు కలిసినాయి. క్లచ్చు తొక్కి చూడండి, బరువుగా ఉంటే టాక్సీకి తిరిగిన బండి అనుకోవాలి, మీటరులో ఎంత చూపించినా సరే. డ్రైవరు సీటు అంచు, గేరు రాడ్డు తల అరిగి నునుపెక్కి ఉంటే కూడా అంతే. హంపు మీద నిదానంగా దాటించి ముందు చక్రాల దగ్గర టకటక వినబడుతుందా చూడండి. బుష్షులైతే చిన్న ఖర్చు, భయపడక్కర్లేదు. ఆఖరికి డిక్కీలో స్టెప్నీ ఎత్తి దాని కింద రేకు చూడండి. అక్కడ తుప్పు, కొత్త పెయింటు, వెల్డింగు మచ్చ కనబడితే ఆ బండి వెనక నుంచి గుద్దించుకున్నదే.

వచ్చే నెల సీఎన్‌జీ కిట్టు గురించి రాస్తాను. పాత బండికి పెట్టించొచ్చా అని అడిగినవాళ్లు, మీ బండి ఏ సంవత్సరందో, ఏ ఇంజనో తప్పకుండా రాసి పంపండి.